శాలువా వద్దు, బాకీ తీర్చండి: నగర సాహితీ మిత్రులకు బహిరంగ లేఖ

సభాధ్యక్షులకు, ముఖ్య అతిథులకు, విశిష్ట అతిథులకు, ఆత్మీయ అతిథులకు, కవులకు, కథకులకు, సమీక్షకులకు, ముందు వరుసలో కూర్చునే పెద్దలకు, వెనక వరుసలో టీ ఎప్పుడొస్తుందా అని చూసే మా బోటి వాళ్లకు నమస్కారం.

ఈ నెలాఖరుకు మన పుస్తకాల షాపు మూసేస్తున్నారన్న కబురు బుధవారం పొద్దున వాట్సాప్ గ్రూపులో పడింది. మధ్యాహ్నానికి 140 మెసేజీలు వచ్చాయి. దండాల బొమ్మలు, ఏడుపు బొమ్మలు, మూడు కవితలు. (ఒకటి నిజంగా బాగుంది. మిగతా రెండూ వేరే ఎవరో పోయినప్పుడు రాసినవే, పేరు మార్చారంతే.) పొద్దుగూకేసరికి వీడ్కోలు సభ కూడా ఖాయమైపోయింది. వచ్చే ఆదివారం సాయంత్రం 6 గంటలకు చిక్కడపల్లిలో హాలు, తొమ్మిది మంది వక్తలు, షాపు నడిపే అక్కకు శాలువా, జ్ఞాపిక, సన్మాన పత్రం. మనిషికి 500 చందా. సన్మాన పత్రం రాసే పని నాకు అప్పజెప్పారు.

రాద్దామనే కూర్చున్నాను. 'అక్షర సేవలో నాలుగున్నర దశాబ్దాలు' అని ఒక లైను రాశాను కూడా. ఎదురుగా బల్ల మీద షాపు ఖాతా పుస్తకం ఉంది. దాన్ని చూశాక రెండో లైను పడలేదు. అందుకే సన్మాన పత్రానికి బదులు ఈ ఉత్తరం.

నన్ను మీలో చాలామంది చూసే ఉంటారు. కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని లెక్కలు రాసే ముసలాయన్ని. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఏడేళ్లుగా సాయంత్రాలు అక్కడే. జీతం లేదు. రోజుకు రెండు టీలు, ఏ పుస్తకమైనా మడత పెట్టకుండా చదివి మళ్లీ అరలో పెట్టే హక్కు, ఇవీ నా రాబడి. అక్క నాకంటే ఆరేళ్లు చిన్నది. అయినా అందరూ అక్క అంటారు కాబట్టి నేనూ అక్క అనే అంటాను. డెబ్భై ఏళ్ల కవిగారు కూడా అక్కా అనే పిలుస్తారు, ఆమె ఏమీ అనుకోదు.

నారాయణగూడ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు వెళ్లే దారిలో, 1979లో అక్క వాళ్ల నాన్నగారు పెట్టిన షాపు అది. కొత్తగా వచ్చేవాళ్లకు అందులో మొదట తెలిసేది నిచ్చెన సంగతి. మూడో మెట్టు విరిగి ఉంటుంది. ఎవరైనా ఎక్కబోతే షాపులో ఉన్న నలుగురం ఒక్కసారే 'మూడోది వద్దు' అని అరుస్తాం. పద్యాలు, వ్యాకరణాలు పై అరల్లో. కథలు, నవలలు కళ్ల ఎత్తులో. పోటీ పరీక్షల గైడ్లు గుమ్మం దగ్గర. ఈ అమరిక వెనక ఒక ఆర్థిక రహస్యం ఉంది. ఇన్నేళ్లూ గుమ్మం దగ్గరి గైడ్లే పై అరలోని కవిత్వాన్ని పోషించాయి. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా చదివే పిల్లలు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలు కొన్న తెలంగాణ చరిత్ర, పాలిటీ, ఎకానమీ పుస్తకాల మీద మిగిలిన పైసలతోనే మీ సంపుటాలు అరల్లో కిరాయి లేకుండా కూర్చున్నాయి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ పడినప్పుడు షాపులో నిలబడే చోటు లేదు. ఆ పరీక్షలు రద్దవుతూ వాయిదా పడుతూ సాగినకొద్దీ పిల్లల చేతిలో డబ్బు అయిపోయింది. ఇప్పుడు గైడ్లు కూడా పీడీఎఫ్‌లుగా ఫోన్లోకి వచ్చేస్తున్నాయి. నోటిఫికేషన్ లేని ఏడాది కవిత్వానికి కూడా పస్తే.

ఇక ఖాతా పుస్తకం.

అందులో రెండు భాగాలు. ముందు పేజీల్లో హాస్టల్ పిల్లల అప్పులు. వెనక పేజీల్లో మన అప్పులు. ముందు పేజీల్లో దాదాపు ప్రతి గీతా కొట్టేసి ఉంటుంది. అచ్చంపేట నుంచి వచ్చిన ఒక పిల్లవాడు 640 రూపాయల పుస్తకాలు తీసుకుని, వారానికి 50 చొప్పున కట్టాడు. మధ్యలో ఊరెళ్లిపోయాడు. ఇక రాదులే అనుకున్నాం. ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి ఫోన్‌పేలో 140 వచ్చింది, 'అక్కా, క్లియర్' అని రాసి. అంతకుమించి ఏమీ లేదు. ఉద్యోగం వచ్చిందో లేదో కూడా మాకు తెలియదు.

వెనక పేజీల్లో 43 పేర్లున్నాయి. మొత్తం 1,86,450 రూపాయలు. అన్నిటికంటే పాత బాకీ 2011 నాటిది. పేర్లు ఇక్కడ రాయను, అక్క ఒప్పుకోదు. కానీ కొన్ని పద్దులు చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. ఒక పెద్దాయన 'తగ్గిపోతున్న పఠనాసక్తి' మీద ఉపన్యాసం తయారు చేసుకోవడానికి ఐదు పుస్తకాలు పట్టుకెళ్లారు, 1,240. ఉపన్యాసం అయింది, పేపర్లో ఫొటో వచ్చింది, పద్దు అలాగే ఉంది. ఇంకొకరు మనవరాలి పెళ్లిలో రిటర్న్ గిఫ్టులుగా పుస్తకాలు ఇవ్వాలన్న మంచి ఆలోచన చేశారు. 60 కాపీలు తీసుకున్నారు. సగం డబ్బు ఇచ్చారు. ఆ మనవరాలి కొడుకు ఇప్పుడు బడికి పోతున్నాడు. ఆదివారం సభలో రెండో వక్తగా పేరు వేసిన వారి బాకీ 11,300. వారు 'అక్కతో నా అనుబంధం' గురించి మాట్లాడతారట. అనుబంధం గట్టిదే, నా దగ్గర తారీఖులతో సహా ఉంది.

అడగవేం అక్కా అని ఎన్నోసార్లు అన్నాను. బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది.

"అడిగితే మళ్లీ రారు కదా సార్" అంటుంది.

"అడక్కపోయినా రావట్లేదు కదా."

"వస్తారులెండి" అని వేరే పనిలో పడిపోతుంది.

రెండో సంగతి గోదాము. షాపు వెనక పది అడుగుల గది. సొంతంగా అచ్చు వేసుకున్న రచయితలు 20, 25 కాపీలు తెచ్చి ఇస్తారు. అమ్ముడుపోతే 35 శాతం షాపుకు, మిగతాది రచయితకు. పోకపోతే అక్కడే ఉంటాయి. ఈ నెల స్టాకు లెక్క తీశాం. 96 మంది రచయితలవి 2,100 కాపీలున్నాయి. ఈ 96 మందీ షాపుకు వస్తుంటారు. గుమ్మంలోంచే అడుగుతారు, 'నావి ఎన్ని పోయాయి?' అని. రెండో, మూడో పోయి ఉంటాయి. ముఖం చిన్నబుచ్చుకుని, తెలుగువాళ్లు చదవడం మానేశారని నిట్టూర్చి, వట్టి చేతులతో మెట్లు దిగుతారు. నేను కాలిక్యులేటర్ మీద చేసిన లెక్క ఇది: 2,100ను 96తో భాగిస్తే 22. ఈ 96 మందీ ఒకరి పుస్తకాలు ఒకరు, తలా 22 కొనుక్కుంటే గోదాము ఖాళీ అయ్యేది. ఒక్కరోజులో కాదు, ఐదేళ్లలో. ఏడాదికి నాలుగైదు పుస్తకాలు. బయటి పాఠకుడు ఒక్కడు రాకపోయినా సరే.

ఎందుకు కొనరో నాకు తెలుసు. కొనాల్సిన అవసరమే లేదు కాబట్టి. త్యాగరాయ గానసభలోనో, రవీంద్రభారతిలోనో, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో ఆవిష్కరణ జరుగుతుంది. రంగు కాగితం విప్పుతారు, పుస్తకాన్ని ఛాతీ మీద పెట్టుకుని ఫొటో దిగుతారు. వెనక తలుపు దగ్గర మా కుర్రవాడు బల్ల వేసుకుని 30 కాపీలతో కూర్చుంటాడు. 120 మంది ఉన్న సభలో ఆరు కాపీలు అమ్మి వచ్చిన రోజు వాడు సంతోషంగా ఉంటాడు. మిగతా 114 మందికీ రచయితే స్వయంగా ఇస్తాడు. 'మీకు కాకపోతే ఎవరికి సార్' అంటూ సంతకం చేసి మరీ చేతిలో పెడతాడు. తీసుకోకపోతే చిన్నబుచ్చుకుంటాడు. తీసుకున్నవాడు చదవకపోతే మాత్రం తెలిసే వీలు లేదు. వెయ్యి కాపీలు వేసే రోజులు పోయాయి, ఇప్పుడు 500, ఒక్కోసారి 300. అందులో 200 ఇలా పంచితే ఆ పుస్తకం కొనగల మనుషులందరికీ ముందే అందిపోయినట్టే. పెళ్లికి పిలిచిన వాళ్లందరికీ ఇంటికే క్యారియర్లు పంపేసి, హోటల్ పెట్టినవాడు ఎందుకు మూసేశాడని బాధపడితే ఎలా?

ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తున్నాను. మూడు కవితా సంపుటాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ముగ్గురు వేర్వేరు కవులు. తెరిచి చూస్తే మూడింట్లోనూ 'పితృతుల్యులు' అంటూ ఒకే పెద్దాయనకు సంతకం. ఒక్కోటి 20 చొప్పున 60 ఇచ్చి కొన్నాను. ఇంటికి తెచ్చుకుని చదివాను. రెండోది చాలా మంచి పుస్తకం. ఆ కవికి ఫోన్ చేసి మీ పుస్తకం చదివానని చెప్పాను. ఎక్కడ దొరికిందని అడిగితే మన షాపులోనే కొన్నానని అబద్ధం చెప్పాను.

నేనేదో శుద్ధుణ్ణని ఇదంతా చెప్పడం లేదు. నా సంగతీ వినండి. రెండేళ్ల కిందట మనవరాలికి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కావలసి వచ్చింది. షాపులో ఉంది. ఆన్‌లైన్‌లో 180 తక్కువకు ఉంది. అక్కకు తెలియదు కదా అని ఆర్డర్ పెట్టాను. మా ఇంటి అడ్రసులో కొండగుర్తు ఏమని రాసి ఉందో మరిచిపోయాను. 'పుస్తకాల షాపు వెనక సందు' అని ఉంది. ఒక సాయంత్రం ఆరింటప్పుడు డెలివరీ కుర్రవాడు పార్సిల్ పట్టుకుని సరాసరి షాపులోకే వచ్చాడు. నేను స్టూలు మీద, అక్క కౌంటర్లో. వాడు నా పేరు చదివాడు. అక్క చెయ్యి చాపి తీసుకుంది, వాడి ఫోన్ మీద వేలితో సంతకం గీకింది, అట్టపెట్టె బరువు చూసింది. ఆమెకు పుస్తకం బరువు తెలుస్తుంది, ఏ పుస్తకమో కూడా తెలిసే ఉంటుంది. 'మీదే సార్' అని నా ముందు పెట్టి, టీ చెప్పింది. ఆ రోజు టీ తాగలేకపోయాను. కాబట్టి 44వ పేరు నాది అనుకోండి. ఆ పద్దు ఖాతాలో లేదు.

ఇప్పుడు కిరాయి. ఈ షాపు ఎందుకు నిలబడలేదో చాలామంది చాలా రకాలుగా రాస్తున్నారు. యువత, సెల్‌ఫోన్, ఇంగ్లీష్ మీడియం. అవన్నీ నిజమే కావచ్చు. నాకు తెలిసింది కూడిక, తీసివేత. 200 రూపాయల పుస్తకం మీద షాపుకు 70 మిగులుతుంది. కొన్నవాళ్లు 10 శాతం తగ్గించమంటారు, ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు కదా అంటారు. అక్కడ 20 పోయింది. మిగిలింది 50. కిరాయి నెలకు 45,000. అంటే కిరాయికే నెలకు 900 పుస్తకాలు పోవాలి. ఇద్దరు కుర్రవాళ్ల జీతాలు, కరెంటు కలిపితే 1,500 దాటాలి. పోయిన ఏడాది నెలకు సగటున 640 పోయాయి. నడిమధ్యలో ఉన్న గుంటను అక్క తన ఎఫ్‌డీలతో పూడ్చింది. ఆ ఎఫ్‌డీలు వేసింది మా బ్యాంకులోనే, తీయించింది కూడా నా చేతనే.

దీనికి తోడు ఒక విచిత్రం ఉంది. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ సున్నా. వినడానికి బాగుంది. కానీ షాపు ఉన్న బిల్డింగు ఓనరు జీఎస్టీలో ఉన్నవాడు కాబట్టి కిరాయి మీద 18 శాతం పడుతుంది, నెలకు 8,100. చెప్పులు అమ్మేవాడైతే తాను వసూలు చేసే పన్నులోంచి దీన్ని మినహాయించుకుంటాడు. పుస్తకాలు అమ్మేవాడు పన్నే వసూలు చేయడు కాబట్టి మినహాయించుకునేందుకు ఏమీ ఉండదు. ఆ 8,100 చేతి నుంచే పోతుంది. అంటే ఇంకో 162 పుస్తకాలు. సున్నా పన్ను ఖరీదు అది.

పోస్టు సంగతి కూడా ఒక మాట. సిరిసిల్ల, మంచిర్యాల, ఇటు శ్రీకాకుళం దాకా అక్కకు ఉత్తరాల మీద కొనే పాఠకులు ఉండేవాళ్లు. రిజిస్టర్డ్ బుక్ పోస్టులో తక్కువ ఖర్చుతో పంపేవాళ్లం. 2024 డిసెంబర్‌లో తపాలా శాఖ దాన్ని ఎత్తేసింది. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది వచ్చింది, అదీ చవకే. మధ్యలో ఆ ఐదు నెలలు 150 రూపాయల పుస్తకానికి 90 రూపాయల పార్సిల్ చార్జీ చెప్పలేక అక్క చాలామందికి 'కొన్నాళ్లు ఆగండి' అంది. వాళ్లు ఆగారు. ఇంకా ఆగే ఉన్నారు.

ఓనర్ని తిట్టకండి. గ్రూపులో కొందరు ఆయన్ని రాక్షసుణ్ణి చేశారు. 2020 ఫిబ్రవరిలో మన దారిలోనే మెట్రో ఆకుపచ్చ లైను మొదలైంది, నెలన్నర తిరక్కుండానే లాక్‌డౌన్. ఆ నాలుగు నెలల కిరాయి ఆయన అడగలేదు. ఇప్పుడు 80,000 ఇస్తామని ఒకరు వచ్చారు, ఆయన కాదనలేకపోయారు. వచ్చేది ఏం షాపో తెలుసా? స్టడీ హాలు. ఏసీ, వైఫై, చెక్క గళ్లు, నెలకు సీటుకు ఇంత అని. చదువుకోవడానికి కుర్చీ అద్దెకు ఇస్తారు, పుస్తకాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. అక్క నవ్వి, 'నేను కుర్చీలు ఉచితంగా ఇచ్చి పుస్తకాలు అమ్మాను, తప్పు లెక్క' అంది.

డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ చూసి, తెలుగు పుస్తకానికి ఢోకా లేదని రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఫెయిర్ నాకూ ఇష్టమే. మిర్చి బజ్జీలు బాగుంటాయి. పుస్తకాలు కూడా బాగా పోతాయి, కాదనను. కానీ ఆ పదిరోజుల్లో కొనేసి 355 రోజులు షాపు గుమ్మం తొక్కకపోతే, షాపు ఆ 355 రోజుల కిరాయి ఎవరినడగాలి? సంక్రాంతికి ఒక్కపూట అమ్మకు అన్నం పెట్టి ఫొటో తీసుకున్నట్టుంది.

పుస్తకాన్ని పాఠకులే కలిసి నిలబెట్టడం మన ఊరికి కొత్త విద్య కాదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పుట్టింది ఈ నగరంలోనే, మన షాపు నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉన్న సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది. తెలుగు మాట్లాడితే నామోషీగా చూసే కాలం అది. అదే మనుషులు, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటి వాళ్లు, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. వాళ్లు చేసిన తెలివైన పని పుస్తకాలు అచ్చువేయడం ఒక్కటే కాదు. శాశ్వత చందాదారులను పోగుచేశారు. రాబోయే పుస్తకాన్ని కొంటామని ముందే మాట ఇచ్చిన పాఠకులు. చరిత్ర, సైన్సు, జీవితచరిత్రలు తెలుగులో రావడానికి ఆ చందాలే దన్ను. కేరళలో 1945లో రచయితలే సహకార సంఘం పెట్టుకుని పుస్తకాలు అచ్చేసి, సొంత షాపుల్లో అమ్ముకున్నారు. మన దగ్గర రచయితల సంఘాలకు కొదవ లేదు. వాటిలో చీలికలకూ కొదవ లేదు. ఒక్క సంఘమైనా సభ్యత్వ ఫారంలో 'ఏడాదికి ఇన్ని పుస్తకాలు కొంటాను' అనే గడి పెట్టిందా?

ప్రభుత్వం చేయాల్సింది లేదా అంటారు. ఉంది. ఇంటి పన్ను కట్టిన ప్రతివాడూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాడు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యం అది. రసీదు తీసి చూసుకోండి, ఉంటుంది. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకు సరిగా చేరడం లేదని, కోట్లలో బకాయి పడిందని పేపర్లో ఏళ్లుగా చదువుతున్నాం. చేరిన దాంట్లోంచి కొంతైనా ఏటేటా తప్పకుండా కొత్త తెలుగు పుస్తకాలకు పెట్టి, ఆ కొనేదేదో ఆయా పేటల్లోని షాపుల ద్వారా కొంటే, మన షాపులాంటివి ఎవరి దయా లేకుండా బతుకుతాయి. ఇది మంత్రిగారి చెవిన వేయగలిగిన వాళ్లు మీలో కనీసం పదిమంది ఉన్నారు. మంత్రిగారు మీ సభలకే వస్తారు. శాలువా కప్పేటప్పుడు మనిషి చెవి దగ్గరగానే ఉంటుంది కదా, ఆ రెండు క్షణాలు వాడుకోండి. ఇప్పటిదాకా అక్కడ పోస్టింగుల గురించి, అవార్డుల గురించి అడిగారు. తప్పు లేదు. ఈసారి ఇది అడగండి.

ఇక అసలు విన్నపం.

ఆదివారం సభ రద్దు చేయండి. హాలు, మైకు, శాలువా, జ్ఞాపిక, సమోసాలు కలిపి 18,000 అవుతుందని గ్రూపులో లెక్క పెట్టారు. ఆ డబ్బుకు 90 పుస్తకాలు వస్తాయి. వచ్చి కొనండి. అక్కకు ఇదివరకే ఎవరెవరో కప్పిన 14 శాలువాలు ఉన్నాయి, పార్సిళ్లకు కింద పరుచుకోవడానికి వాడుతున్నాం. పదిహేనోది అక్కర్లేదు.

96 మంది రచయితలూ ఈ నెల 25 లోపు వచ్చి తమ కాపీలు తీసుకెళ్లండి. రసీదు లేకపోయినా పర్లేదు, నా దగ్గర జాబితా ఉంది. వచ్చినప్పుడు పక్కవాడి పుస్తకం ఒకటి కొనుక్కోండి. ఏది కొనాలో తెలియకపోతే అక్కను అడగండి, ఆమె 2,100లో చాలావరకు చదివింది. మీది కూడా. ఎప్పుడైనా ఎలా ఉందని ఆమెను అడిగారా? సమీక్ష కోసం పత్రికల చుట్టూ తిరిగారు గానీ, మీ పుస్తకం మొదటి కవితే బాగుందనీ, మిగతావి దానికి నీడలనీ ఆమె నాతో చెప్పిన రోజు మీరు రెండడుగుల దూరంలో నిలబడి 'ఎన్ని పోయాయి' అని అడుగుతున్నారు.

ఇకమీదట ఉచిత కాపీ ఇవ్వకండి, తీసుకోకండి. మొహమాటంగా ఉంటే తప్పు నా మీద తోసేయండి, ఫలానా ముసలాయన బహిరంగంగా తిట్టాడని చెప్పండి. మన షాపు పోయింది. కానీ కాచిగూడ చౌరస్తాలో, కోఠి బ్యాంక్ స్ట్రీట్‌లో తెలుగు పుస్తకాల షాపులు ఇంకా దీపం పెడుతున్నాయి. ఇంతకుముందు ఆబిడ్స్‌లో, బేగంపేటలో పేరున్న షాపులు మూతపడినప్పుడు కూడా మనం ఇలాగే వ్యాసాలు రాశాం. కాచిగూడ, కోఠి షాపులకైనా వాటి మీద వ్యాసాలు రాయాల్సిన రోజు రాకముందే వెళ్లండి. నెలకు ఒక్కసారి చాలు.

43 మందికి: షాపు ఈ నెల 31 దాకా తెరిచే ఉంటుంది. పొద్దున 11 నుంచి రాత్రి 8. ఆదివారం సెలవు ఎత్తేశాం. నేను రోజంతా ఉంటాను. ఖాతా పుస్తకం నా దగ్గరే ఉంటుంది. అక్క భోజనానికి ఇంటికి వెళ్లే 1:30 నుంచి 3 మధ్య రండి, ఆమె ముందు ఇవ్వాలంటే మీకు ఇబ్బందిగా ఉంటుంది, తీసుకోవాలంటే ఆమెకు ఇంకా ఇబ్బంది. ఒకేసారి కట్టలేకపోతే వారానికి 50 అయినా పర్లేదు, ముందు పేజీల్లో అలా కట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. షాపు మూసేశాక కూడా స్కానర్ పనిచేస్తుంది. మెసేజీ రాసే చోట కవిత వద్దు, 'క్లియర్' అని రాయండి చాలు.

రెండో వక్తగారూ, మీరు రేపు రాగలిగితే మంచిది. 11,300తో ఒక కుర్రవాడి ఆఖరి నెల జీతం తేలిపోతుంది.

ఇట్లు,
స్టూలు మీద కూర్చునే లెక్కల మనిషి

తా.క.: నిఘంటువు మొన్న షాపులో పూర్తి ధరకు కొన్నాను. రెండోది ఎందుకు సార్ అని అక్క అడిగింది. రెండో మనవరాలికి అన్నాను. నాకు ఒక్కతే మనవరాలని అక్కకు తెలుసు. బిల్లు రాసి ఇచ్చింది.